కొత్త మోడల్ వచ్చిందని పాత కెమెరా అమ్మేయాలా?

అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా తమ్ముడూ, ఏమీ అనుకోకు. నీ ప్రశ్న ఇదీ. బెంగళూరు మారతహళ్లిలో ఉంటావు. 2022లో నికాన్ జెడ్6 టూ కొన్నావు, దాంతో వచ్చిన 24-70 ఎఫ్/4 లెన్సే (24-70 అంటే ఎంత దూరం లాగగలదో, ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత వెలుగు పడుతుంది) ఇప్పటికీ వాడుతున్నావు. రెండేళ్లు తిరిగేసరికి జెడ్6 త్రీ వచ్చేసింది. ఇంట్లో బాబు ఫోటోలు సాఫ్ట్‌గా, నాయిస్‌తో, అంటే మసగ్గా, గింజలు గింజలుగా వస్తున్నాయి. ఈమధ్య ఆదివారాలు పక్షుల కోసం హిందూపురం దగ్గరి వీరాపురం కూడా వెళ్తున్నావు. కంపెనీలు ఇలా మోడల్ మీద మోడల్ దించుతుంటే మనం వెనకబడిపోతున్నట్టేనా, పాతది అమ్మేసి కొత్తది తీసుకోనా అని అడిగావు.

బాబు ఫోటోల కోసమైతే వద్దు. పక్షుల కోసమైతే ఆలోచించొచ్చు గానీ, ముందు కొనాల్సింది బాడీ, అంటే లెన్సు తీసేస్తే మిగిలే కెమెరా, కాదు. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, టీ పెట్టుకుని చదువు.

మాది హిందూపురం. 2004లో బెంగళూరు వచ్చి గాంధీనగర్‌లో ఒక స్టూడియోలో లైట్ పట్టుకునే పనికి కుదిరాను. అప్పట్నుంచి పెళ్లిళ్లే బతుకు. మా సార్ దగ్గర నికాన్ ఎఫ్ఎం2 ఉండేది. ఆ మోడల్ 1982లో వచ్చింది. చిన్న చిన్న మార్పులతో 2001 దాకా దాన్నే తయారు చేస్తూ వచ్చారు. వాళ్ల పెద్ద కెమెరాల వరస చూసినా అంతే: ఎఫ్ 1959లో, ఎఫ్2 1971లో, ఎఫ్3 1980లో, ఎఫ్4 1988లో, ఎఫ్5 1996లో. ఎనిమిదేళ్లకో, పన్నెండేళ్లకో ఒక కెమెరా. మధ్యలో ఎవడూ వెనకబడిపోయానని బాధపడినట్టు నేను వినలేదు.

కారణం పెద్ద రహస్యం కాదు. రీలు రోజుల్లో కెమెరా అంటే లోపల చీకటిగా ఉండే ఒక మంచి డబ్బా. బొమ్మ ఎలా వస్తుందన్నది లెన్సు చేతిలో, రీలు చేతిలో ఉండేది. కంపెనీ మంచి రీలు తెస్తే ఇరవై ఏళ్ల నాటి కెమెరాకి కూడా ఆ రోజే కొత్త కళ్లు వచ్చేవి. డిజిటల్ వచ్చాక రీలు సెన్సర్‌గా మారి, వెళ్లి బాడీకి అతుక్కుపోయింది. రీలు మార్చాలంటే ఇక బాడీ మార్చాల్సిందే. నీకు ఇవాళ వచ్చిన టెన్షన్‌కి మూలం అక్కడుంది.

మొదటి ఆరేడేళ్లు ఆ టెన్షన్‌లో న్యాయం ఉండేది, అది ఒప్పుకోవాలి. నా మొదటి డిజిటల్ అనుభవం సార్ కొన్న డి70. 2004 మోడల్, 6 మెగాపిక్సెల్. ఐఎస్ఓ అంటే వెలుగు చాలనప్పుడు పెంచే అంకె, పెంచేకొద్దీ నాయిస్ వస్తుంది. రిసెప్షన్ హాల్లో దాన్ని 1600 పెట్టామంటే పెళ్లికూతురి పట్టుచీర మీద గసగసాలు చల్లినట్టు ఉండేది. 2006లో డి80 వచ్చింది, 10 మెగాపిక్సెల్. 2008లో డి90, 12 మెగాపిక్సెల్, పైగా వీడియో. వీడియో తీసే మొదటి డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్సు మార్చుకునే డిజిటల్ కెమెరా) అదే. కానన్ వైపు కూడా అదే పరుగు: 300డి 2003లో 6, 350డి 2005లో 8, 400డి 2006లో 10, 450డి 2008లో 12, 500డి 2009లో 15, 550డి 2010లో 18. అప్పుడు ఒక మోడల్ దాటేసి తర్వాతది కొన్నా తేడా కంటికి కనిపించేది, కస్టమర్ కంటికి కూడా.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడు. 600డి, 650డి, 700డి, 1200డి, 1300డి. 2011 నుంచి 2016 దాకా వచ్చిన ఇవన్నీ 18 మెగాపిక్సెలే. మెట్లు అయిపోయాయి, నంబర్లు మాత్రం ఎక్కుతూనే ఉన్నాయి. మా బావమరిది 2016లో తన 550డి అమ్మకానికి పెట్టి 1300డి కొనుక్కొచ్చాడు. పాతది ఇంకా అమ్ముడుపోలేదు. ఇంట్లో రెండూ బల్ల మీద పెట్టి, ఒకే లెన్సు మార్చి మార్చి, వంటింట్లో మా అక్క పోపు వేస్తున్న ఫోటోలు తీశాం. కంప్యూటర్‌లో పేర్లు తీసేసి చూపిస్తే ఏది దేనిదో వాడే చెప్పలేకపోయాడు. పైగా 550డి సెకనుకి 3.7 ఫోటోలు తీసేది, కొత్తది 3 తీస్తుంది. మోడల్ నంబరు పెద్దదైతే అన్నీ పెరుగుతాయని ఏం లేదు. 1300డి ఆ వరసలో కింది మెట్టు మోడల్, 550డి దానికంటే ఒక మెట్టు పైది. వాడు కొత్తది కొన్నాననుకుంటూ ఒక మెట్టు దిగాడు. ఆ రోజు మా అక్క ముఖం చూడాల్సింది.

ఇంక మోడళ్లు ఎందుకు అంత త్వరగా మారుతాయంటావా. చవక కెమెరాల వయసు ఎప్పుడూ తక్కువే. జేబులో పట్టే కాంపాక్ట్‌లు జోరు మీదున్నప్పుడు షాపులో అద్దాల వెనక కొత్త స్టిక్కర్ కనిపించాలి కాబట్టి ఏడాదికోసారి మార్చేవాళ్లు. సోనీ ఆర్ఎక్స్100 చూడు, 2012 నుంచి 2019 మధ్య ఏడు వచ్చాయి. గమ్మత్తేమిటంటే కొత్తది వచ్చినా పాతవి షాపుల్లోంచి పోలేదు, ఒక్కోటి ఒక్కో ధరకి పక్కపక్కనే అమ్మారు. అదే కంపెనీ 2016 మొదట్లో ఏ6300 తెచ్చి, ఆ ఏడాది అక్టోబర్‌లోనే ఏ6500 ప్రకటించింది. మార్చిలో కొన్నవాడి సంగతి ఆలోచించు.

పత్రికల వాళ్లు, స్పోర్ట్స్ వాళ్లు వాడే పెద్ద కెమెరాలది వేరే పంచాంగం. వాళ్లకి ఒలింపిక్స్ ముహూర్తం. కానన్ 1డీఎక్స్ మార్క్ టూ, నికాన్ డి5 రెండూ 2016లో, రియో ఏడాది. 1డీఎక్స్ మార్క్ త్రీ, డి6 రెండూ 2020లో, టోక్యోకని. ఆ ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడింది గానీ కెమెరాలు ఆ ఏడాదే వచ్చేశాయి.

ఇప్పుడైతే పరుగు నెమ్మదించింది. 2010లో జపాన్ కంపెనీలు ప్రపంచమంతా కలిపి దాదాపు 12 కోట్ల డిజిటల్ కెమెరాలు పంపాయి. 2023కి అది 80 లక్షల లోపు. మిగిలిన వాటాని ఫోన్ మింగేసింది. అమ్మకాలు అలా పడిపోయాక ఏటా కొత్త బాడీ తయారు చేయడం వాళ్లకే గిట్టదు. నీ కెమెరా వరసే తీసుకో: జెడ్6 2018లో, జెడ్6 టూ 2020లో, జెడ్6 త్రీ 2024లో. రెండేళ్ల ఎడం నాలుగేళ్లయింది. కానన్ ఆర్5 కూడా 2020 తర్వాత మళ్లీ 2024లోనే. కాబట్టి "రెండేళ్లకోసారి మార్చేస్తున్నారు" అనే మాట నీ తరగతి కెమెరాలకి పూర్తిగా నిజం కాదు. యూట్యూబ్‌లో రోజూ ఒక కొత్త కెమెరా కనిపిస్తుందంటే, అది అన్ని కంపెనీలవీ కలిపి చూపిస్తున్నారు కాబట్టి.

మెగాపిక్సెల్ గురించి ఒక్క లెక్క చెప్పి వదిలేస్తా. మా పెళ్లి ఆల్బమ్ షీటు విప్పితే 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు. ఇంటి ఫోటోల్లో ఇంతకంటే పెద్ద ప్రింటు మామూలుగా ఎవరూ వేయించరు. నీ కెమెరా ఫోటో వెడల్పు 6048 పిక్సెళ్లు. ఆ షీటంతా ఒకే ఫోటో పరిస్తే అంగుళానికి 168 చుక్కలు పడతాయి. 33 మెగాపిక్సెల్ సోనీ ఏ7 ఫోర్‌తో తీస్తే 195 పడతాయి. 24 నుంచి 33 అంటే ఎంతో అనిపిస్తుంది, వెడల్పులో పెరిగేది మాత్రం నూటికి 16 వంతులే. నేను డి90 రోజుల్లో 12 మెగాపిక్సెల్‌తో, అంటే అంగుళానికి 119 చుక్కలతో, అదే షీటు నిండా పరిచి వేయించాను. ఆ ఆల్బమ్‌లు ఇప్పటికీ ఆ ఇళ్లలో ఉన్నాయి. ఒళ్లో పెట్టుకుని చూసే ఆల్బమ్‌ని ఎవరూ భూతద్దంతో చూడరు. ఇక వాట్సాప్‌లో అత్తగారికి పంపే ఫోటోకి ఏ కెమెరా అయినా ఒకటే.

మరి అప్‌గ్రేడ్ ఎప్పుడూ దండగేనా? కాదు. ఈ ఇరవై ఏళ్లలో డబ్బు పెట్టినందుకు చేతులెత్తి దండం పెట్టిన మార్పులు నాకు రెండున్నాయి. రెండూ మెగాపిక్సెల్‌తో సంబంధం లేనివే.

మొదటిది రెండో కార్డు స్లాట్. 2009లో కేఆర్ పురం దగ్గర ఒక చౌల్ట్రీలో పెళ్లి. తెల్లవారుజామున నాలుగు దాటాక ముహూర్తం. అడ్డుతెర దించారు, జీలకర్ర బెల్లం పెట్టారు, తలంబ్రాలు అయ్యాయి. అంతా తీశాను. ఆరున్నరకి టిఫిన్ దగ్గర కెమెరా ఆన్ చేస్తే కార్డు ఎర్రర్. తీసి పెట్టాను, తుడిచి పెట్టాను, ఊదాను. అదే ఎర్రర్. చేతిలో ఇడ్లీ ప్లేటు అలాగే ఉండిపోయింది. అప్పటి నా కెమెరాకి కార్డు స్లాట్ ఒకటే. తర్వాత రికవరీ సాఫ్ట్‌వేర్ పెడితే తలంబ్రాలు వచ్చాయి, గౌరీపూజ వచ్చింది, జీలకర్ర బెల్లం మాత్రం రాలేదు. వీడియోలోంచి ఒక ఫ్రేమ్ తీసి ఆల్బమ్‌లో పెట్టి, బాకీలో సగం వదులుకున్నాను. పెళ్లికూతురి నాన్న ఒక్క మాట అనలేదు. అదే ఇంకా కష్టంగా అనిపించింది. మరుసటి ఏడాది డి7000 వచ్చింది, అందులో రెండు స్లాట్లు. ఒక కార్డులో పడేది రెండోదాంట్లోనూ పడుతుంది. ఇంకేం చూడలేదు, కొనేశాను.

ఇది నీ కెమెరా కథ కూడా. 2018 జెడ్6కి స్లాట్ ఒకటే. పెళ్లి ఫోటోగ్రాఫర్లందరం దాని చుట్టూ తిరిగి చూసి వెనక్కి వచ్చేశాం. 2020 జెడ్6 టూలో రెండో స్లాట్ పెట్టారు, రెండో ప్రాసెసర్ కూడా పెట్టారు, సెన్సర్ మాత్రం అదే. మాకు అది పెద్ద అప్‌గ్రేడ్. ఆదివారం లాల్‌బాగ్‌లో పూలు తీసేవాడికి దాదాపు ఏమీ కాదు. అదే కెమెరా, అదే మార్పు, ఒకరికి అవసరం, ఒకరికి బొత్తిగా కాదు.

రెండోది కంటిని పట్టుకునే ఫోకస్. తలంబ్రాల సమయం గుర్తు చేసుకో. ఇద్దరి నుదుట బాసికాలు, మెడ నిండా దండలు, మధ్యలో ఎగిరే పసుపు బియ్యం, వెనక నవ్వుతూ ముందుకు తోసుకొచ్చే మేనత్తలు. పాత డీఎస్ఎల్ఆర్‌లో మధ్య చుక్క పెట్టి పెళ్లికూతురి ముఖం మీద ఫోకస్ పట్టుకుంటే, బియ్యం గింజలు మధ్యలోకి రాగానే ఫోకస్ గింజ మీదికి దూకేది. పది తీస్తే మూడో నాలుగో నిలిచేవి. గింజలు బ్రహ్మాండంగా షార్ప్‌గా వచ్చేవి, పెళ్లికూతురు మాత్రం మంచులో ఉన్నట్టు. ఇప్పుడు కెమెరా కన్ను చూసి పట్టుకుంటుంది, గింజలు అడ్డొచ్చినా వదలదు. అన్నీ వస్తాయనను, కానీ ఏరుకోవడానికి మిగులుతాయి. ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. జెడ్6కి ఈ సదుపాయం కొన్న రోజు లేదు. 2019 మే నెలలో ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌లో వచ్చింది, ఉచితంగా. సోనీ ఏ7 త్రీ కూడా 2019 ఏప్రిల్ అప్‌డేట్‌లో ఇలాగే బాగుపడింది. నువ్వు నీ కెమెరా ఫర్మ్‌వేర్ ఎప్పుడు చూశావు? ముందు ఆ పని చెయ్. కొందరు కొన్న రోజు వెర్షన్‌తోనే నాలుగేళ్లు తిప్పి, ఫోకస్ బాగాలేదని అమ్మేస్తారు.

ఇప్పుడు బాబు ఫోటో. నువ్వు జతచేసిన దానిలో వివరాలు చూశాను: షటర్ 1/60, అంటే సెకనులో అరవయ్యో వంతు, ఎఫ్/4, ఐఎస్ఓ 6400. ట్యూబ్‌లైట్ కింద మూడేళ్ల పిల్లాడు సోఫా మీద నుంచి దూకుతున్నాడు. సాఫ్ట్‌గా ఉన్నది ఫోకస్ తప్పి కాదు. వెనక గోడ మీది క్యాలెండర్ చక్కగా చదవొస్తోంది, బాబు చేతులు మాత్రం చెదిరాయి. పిల్లాడు కదిలాడు, షటర్ నెమ్మదిగా ఉంది, అంతే. ఆ దూకుడు నిలవాలంటే కనీసం 1/250 కావాలి, అంటే నాలుగో వంతు వెలుగే మిగులుతుంది. ఇప్పుడు జెడ్6 త్రీ కొని అదే లెన్సు పెట్టి 1/250 తీశావనుకో, ఐఎస్ఓ 25600కి పోవాలి. కొత్త సెన్సర్ కూడా 24.5 మెగాపిక్సెలే. అంత ఐఎస్ఓలో అది నీ పాతదానికంటే శుభ్రంగా ఉండదు. లక్షలు పెట్టి ఇంకా ఎక్కువ నాయిస్ కొన్నట్టవుతుంది.

అదే నికాన్‌ది 40 ఎఫ్/2 అనే చిన్న లెన్సుంది. ఎఫ్/4 నుంచి ఎఫ్/2 అంటే నాలుగు రెట్ల వెలుగు. షటర్ తిన్నదంతా లెన్సు తిరిగి ఇచ్చేస్తుంది. 1/250, ఎఫ్/2, ఐఎస్ఓ అదే 6400. చెయ్యి చెదరదు. 50 ఎఫ్/1.8 అయితే దాదాపు ఐదు రెట్లు. కొత్త బాడీకి పెట్టే డబ్బులో చిన్న వాటాతో ఇది అయిపోతుంది. అసలు ఖర్చే లేని మార్గం, పొద్దున తొమ్మిదింటికి వాణ్ని సోఫాతో సహా కిటికీ దగ్గరికి జరపడం. నీ సోఫా ఎంత బరువుందో నాకు తెలియదనుకో.

సెన్సర్ల విషయంలో ఒక మాట సూటిగా చెప్తా. ఫుల్‌ఫ్రేమ్, అంటే పాత రీలు ఫ్రేమంత సైజున్న సెన్సర్లు తక్కువ ఐఎస్ఓలో పట్టే వెలుగునీడల శ్రేణి 2012లో నికాన్ డి800 వచ్చినప్పుడే చాలావరకు పైమెట్టుకి చేరింది. ఆ తర్వాతి మెరుగులన్నీ వేగంలో, ఫోకస్‌లో, వీడియోలో. జెడ్6 త్రీలో సెన్సర్ని చదివే వేగం బాగా పెంచారు, దాన్నే పార్షియల్లీ స్టాక్డ్ అంటున్నారు. దానివల్ల సెకనుకి 20 రా ఫోటోలు (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైళ్లు) తీస్తుంది, సైలెంట్ షటర్‌లో ఎల్ఈడీ లైట్ల కింద వచ్చే చారలు తగ్గుతాయి, 6కే వీడియో వస్తుంది, వ్యూఫైండర్ ఎండలో కూడా కళకళలాడుతుంది. కానీ ఆ వేగానికి ఒక మూల్యం ఉంది. తక్కువ ఐఎస్ఓలో తీసిన ఫోటోలో నీడల్ని బాగా పైకి లేపితే, నీ పాత జెడ్6 టూయే కాస్త శుభ్రంగా ఉంటుంది. తేడా కొంచెమే. నంది హిల్స్ సూర్యోదయాలు తీసి నీడలు లాగేవాడికి మాత్రం కొత్తది ఒక వెంట్రుకవాసి వెనకడుగు. ఇది షాపువాడు చెప్పడు.

పక్షుల సంగతి కాస్త వేరు. వీరాపురం నేను చిన్నప్పట్నుంచి ఎరుగుదును. చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుని కూర్చుంటాయి, ఊరివాళ్లు ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. పెద్ద పక్షి, నెమ్మదిగా రెక్కలాడిస్తుంది, మనిషికి బెదరదు. దానికి నీ జెడ్6 టూ ఫోకస్ చాలు. 24-70 లెన్సుతోనే చెట్టు, గూళ్లు, కింద కళ్లాపి చల్లుతున్న అవ్వ అన్నీ ఒకే ఫ్రేములో పెట్టు, అలాంటి ఫోటో పెద్ద లెన్సువాళ్లకి దొరకదు. కానీ రేపు రంగనతిట్టు వెళ్లి నీళ్లలోకి దూకే లకుముకిపిట్ట కావాలన్నావంటే అప్పుడు తెలుస్తుంది. జెడ్6 టూ మనిషి కన్ను పట్టుకుంటుంది, కుక్క కన్ను, పిల్లి కన్ను పట్టుకుంటుంది, పక్షిని ప్రత్యేకంగా గుర్తుపట్టదు. జెడ్6 త్రీ గుర్తుపడుతుంది. ఎగిరే పక్షి దగ్గర ఆ తేడా నిజమైన తేడా.

అయినా ముందు బాడీ కాదన్నాను. 70 దగ్గర ఆగిపోయే లెన్సుతో ఎంత గొప్ప బాడీ అయినా ఆ పిట్టని చుక్కలాగే చూపిస్తుంది. 180-600 లాంటి పెద్ద లెన్సు ఒకటి అద్దెకి తీసుకో, నీ పాత బాడీకే తగిలించి ఒక ఆదివారం తిరుగు. బెంగళూరులో కెమెరాలు, లెన్సులు రోజుల లెక్కన అద్దెకిచ్చేవాళ్లు బోలెడు మంది. ఆధార్, డిపాజిట్ అడుగుతారు, అంతే. మరో ఆదివారం జెడ్6 త్రీ కూడా తీసుకో. రెండు ఆదివారాల తర్వాత నీకు సమాధానం దానంతటదే తెలుస్తుంది, నన్ను అడగాల్సిన పని ఉండదు. లెన్సు కొన్న డబ్బు ఎక్కువకాలం బతుకుతుంది. లెన్సుని బాడీకి తగిలించే చోటుని మౌంట్ అంటారు, నికాన్ ఎఫ్ మౌంట్ 1959లో పుట్టింది, కానన్ ఈఎఫ్ 1987లో. 2018లో మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల మౌంట్లు వచ్చి ఆ లెక్క కదిలిన మాట నిజమే. అయినా అడాప్టర్ పెట్టి నేను పాత 85 లెన్సు ఇప్పటికీ నడుపుతున్నా. బాడీలు మాత్రం ఈలోపు ఐదు మారాయి.

డబ్బు బయటికి తీసే ముందు ఒక పని చెయ్. గత ఆరు నెలల్లో తీసి పక్కన పడేసిన ఫోటోలు ఒక ఐదు వందలు తెరువు. బాగా వచ్చినవి కాదు, పోయినవి. ఒక్కోటి చూసి, ఎందుకు పోయిందో ఒక గడిలో గీత గీయి. షటర్ నెమ్మదై చెదిరింది, లెన్సు అందలేదు, వెలుగు బాగాలేదు, నేనే ఆలస్యంగా నొక్కాను, ఫోకస్ వేరే చోట పడింది, కెమెరా జామ్ అయింది. 2021లో మిర్రర్‌లెస్‌లో ఇంకా పై మెట్టు బాడీకి అడ్వాన్సు ఇవ్వబోతూ నేను ఇదే చేశాను. ఎక్కువ గీతలు "నేనే ఆలస్యంగా నొక్కాను" గడిలో పడ్డాయి. దాని తర్వాత "ఫ్లాష్ రీసైకిల్ కాలేదు", అంటే మళ్లీ వెలగడానికి ఇంకా సిద్ధం కాలేదు. ఫోకస్ గడి దాదాపు ఖాళీ. అడ్వాన్సు ఇవ్వలేదు, రెండు మంచి ఫ్లాష్‌లూ బ్యాటరీ ప్యాకూ కొన్నాను. అసిస్టెంట్ కుర్రాడికి జీతం కూడా కాస్త పెంచాను, ఎందుకంటే సగం సార్లు ఆ క్షణం వస్తోందని నాకు ముందే చెప్పింది వాడే.

ఒకవేళ గడులన్నీ చూశాక నిజంగా బాడీయే అడ్డు అని తేలితే, అప్పుడు కొను, మొహమాటం లేదు. కొత్త మోడల్ వచ్చిన వారం మాత్రం కొనకు. సెకండ్‌హ్యాండ్ అయితే షటర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీశారో, చూడు. నికాన్ ఫోటో ఫైల్లోనే అది రాసి ఉంటుంది, ఒక ఫోటో తీయించి ఇంటికి తెచ్చుకుని చూసుకోవచ్చు. ఈ తరగతి బాడీలకి లక్షన్నర, రెండు లక్షల షటర్లని కంపెనీలు చెప్తాయి. నువ్వు ఇంట్లో తీసే లెక్కకి అది ఏళ్ల తరబడి తరగదు. పెళ్లివాడి దగ్గర కొంటున్నావంటే ఆ అంకె జాగ్రత్తగా చూడు, నా దగ్గరైనా సరే. బిల్లు లేకుండా తక్కువకిస్తానంటే ఆ తగ్గింపు నీ వారంటీ ఖరీదని గుర్తుపెట్టుకో. ఇంకోటి, ఫోటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్లు కొత్త కెమెరా రా ఫైళ్లని తెరవవు. సాఫ్ట్‌వేర్ ఖర్చు కూడా లెక్కలో వేసుకో. బ్యాటరీ మాత్రం పాతదే సరిపోతుంది, రెండింటికీ ఒకటే.

మధ్యలో ఒక ముచ్చట. మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. కిందటి నెల అటక మీద నుంచి నా పాత కూల్‌పిక్స్ వెతికి తీసి, చర్చ్ స్ట్రీట్‌లో ఫ్రెండ్స్‌తో తిరుగుతూ దాంతో ఫోటోలు తీస్తోంది. ఫ్లాష్ వేసి ముఖాలు తెల్లగా కాలిపోయిన ఫోటోలు. అవే కావాలట, ఫోన్ ఫోటోలు మరీ బాగుంటున్నాయట. ఆ కెమెరా మార్చడానికి నేను అప్పట్లో చిట్టీ ఎత్తాను. ఇప్పుడు దానికి మెమరీ కార్డు దొరక్క నన్నే షాపులు తిప్పుతోంది.

ఆ ఐదు వందల ఫోటోల లెక్క తేలాక ఇక్కడే రాయి. ఏ గడిలో ఎక్కువ గీతలు పడ్డాయో చెప్తే, లెన్సు ఏదో అప్పుడు చూద్దాం. వీరాపురం వెళ్తే మాత్రం తెల్లవారకముందే చేరుకో, తొమ్మిది దాటితే చింతాకుల మధ్య నుంచి పడే ఎండకి ఆ తెల్ల రెక్కలు ఏ సెన్సర్‌లోనూ నిలవవు.